ఓడిన యంత్రమును బాగుచేయుట

పందెము ముగిసి యింటికి వచ్చిన రాత్రి పోరుయంత్రమును బల్లమీద నుంచి చూచినచో, అది యంత్రమువలె గాక, ఎవరో కాలితో తొక్కిన తగరపు డబ్బావలె కనబడును. చక్రమొకటి వంగియుండును. ప్రక్కపలకకు గాటు పడియుండును. మరమేకులలో కొన్ని యుండవు. తరువాతి పందెమునకు ఆరు వారముల గడువు మాత్రమే కలదు. ఈ గడువులో విరిగినదానిని మరల నతికించి యూరకుండవలయునా, లేక యంత్రమునే మార్చి కట్టవలయునా? ఈ ప్రశ్నకు మేము కొంత నష్టపడి నేర్చుకొనిన సమాధానమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పోరుయంత్రమనగా రేడియో మూలమున దూరమునుండి నడుపబడు చిన్న బండి. దానిని రోబోట్ అని పిలుతురు గాని, అది తనంతట తా నాలోచించునది కాదు. నడుపువాని చేతిలోని మీటలే దానికి బుద్ధి. రెండు యంత్రములను దృఢమైన పారదర్శకపు గోడలుగల బరిలో విడిచి, సాధారణముగా రెండు లేక మూడు నిమిషములు పోరాడనిత్తురు. ఒకటి కదలలేకపోయినచో రెండవది గెలిచినట్లు. రెండును కదలుచునే యున్నచో, ఎదిరికి కలిగించిన నష్టమును, చొరవను, నడుపు నేర్పును చూచి న్యాయనిర్ణేతలు తీర్పు చెప్పుదురు. 1994వ సంవత్సరమున మార్క్ థోర్ప్ అను అమెరికా దేశస్థుడు శాన్ ఫ్రాన్సిస్కో నగరములో రోబోట్ వార్స్ అను పేర నిట్టి పందెమును నడిపెను. 1998లో ఇంగ్లండునందును, 2000లో బ్యాటిల్‌బాట్స్ అను పేర అమెరికాయందును ఈ పందెములు టెలివిజనులో ప్రదర్శింపబడి ప్రసిద్ధి కెక్కెను. మన దేశమునందు బొంబాయి ఐ.ఐ.టి. వారి టెక్‌ఫెస్ట్ వంటి యుత్సవములలో ఇవి జరుగుచున్నవి. బ్యాటిల్‌బాట్స్‌లోని పెద్ద యంత్రములు 250 పౌనులు, అనగా సుమారు 113 కిలోగ్రాములు తూగవచ్చును. మేము నలుగురము కలిసి కట్టినది చిన్న తరగతికి చెందినది; దాని బరువు 1,500 గ్రాములకు మించరాదు.

బాగుచేయు పనిలో మొదటిది బాగుచేయుట కాదు, ప్రమాదమును తొలగించుట. ఆయుధము తిరుగకుండ దానికి అడ్డుకడ్డీ దూర్చి, పిదప బ్యాటరీని విడదీయవలయును. లిథియము పాలిమర్ బ్యాటరీ చిన్నదే గాని, దెబ్బతిన్నప్పుడు మండగల వస్తువు. అది యుబ్బినను, దానికి గ్రుచ్చుకొనిన గుర్తు కనబడినను, మరల వాడరాదు, ఇంటిలో నుంచరాదు, ఆరుబయట ఇసుకగల లోహపు పాత్రలో నుంచవలయును. మంచి బ్యాటరీనైనను నిండుగా విద్యుత్తుతో దాచరాదు. ఒక్కొక్క ఘటము నిండినప్పుడు 4.2 వోల్టులు చూపును, దాచునప్పుడు 3.8 వోల్టులకు తెచ్చి దాచవలయును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనినందున ప్రయోజనము లేదు గనుక, ఈ నియమమును మేము గోడమీద పెద్ద యక్షరములతో వ్రాసి యుంచితిమి.

రెండవ పని చూచుట. ధూళి తుడువక మునుపే, మర విప్పక మునుపే, యంత్రమును అన్ని వైపులనుండి ఛాయాచిత్రములు తీయవలయును. ఏ గాటు ఏ వైపునుండి పడెను, ఏ మర వదులయ్యెను, ఏ తీగె ఊడెను అనునవి సాక్ష్యములు. తుడిచినచో సాక్ష్యము పోవును. మేమొక పుస్తకమునకు మూడు గడులు గీసితిమి. మొదటి గడిలో ఏమి చెడినదో, రెండవ గడిలో ఎందుచేత చెడినదో, మూడవ గడిలో ఏమి చేసితిమో వ్రాయుదుము. మొదటి గడియు మూడవ గడియు నింపుట సులభము. మా కష్టమంతయు నడిమి గడియందే యుండెను.

ఒక యుదాహరణము చెప్పెదము. మా మొదటి పందెములో పైకి ఏ దెబ్బయు లేకయే యంత్రము ఒక ప్రక్కకు తిరుగుచు నిలిచిపోయెను. విప్పి చూడగా ఎడమ చక్రపు మోటారుకు టంకముపెట్టి అతికిన తీగె ఊడియుండెను. మరల టంకము పెట్టితిమి; మునుపటికంటె ఎక్కువగా పెట్టితిమి. రెండవ పందెములో అదే తీగె అదే చోట ఊడెను. రోగమొకటి, మేమిచ్చిన మందొకటి. తీగె అనేకమైన సన్నని పోగుల కట్ట. టంకము కరగి పోగులలోనికి ప్రాకినచోట తీగె కడ్డీవలె బిరుసగును. ఆ బిరుసైన భాగము ముగిసి మెత్తని భాగము మొదలగుచోటనే కుదుపులకు పోగులు తెగును. మేము టంకము హెచ్చించినకొలది బిరుసు హెచ్చెను. అదియు గాక తీగెను బిగుతుగా లాగి కట్టితిమి. మోటారును చట్రమునకు నేరుగా మరలతో బిగించితిమి. చట్రమునకు తగిలిన ప్రతి దెబ్బయు తగ్గకయే ఆ యతుకును చేరుచుండెను. కారణము తెలిసిన పిదప మందు చిన్నదే: తీగెకు వదులుగా ఒక మెలిక విడిచితిమి, అతుకునకు కొంచెము దూరమున దానిని చట్రమునకు కట్టితిమి, మోటారు క్రింద రబ్బరు ముక్క నుంచితిమి. ఇందుకైన బరువు 8 గ్రాములు.

ప్రక్కపలక విషయమున మేము చేసిన పొరపాటు ఇంకను పెద్దది. 3 మిల్లీమీటర్ల అల్యూమినియము పలక వంగినదని అంతే మందముగల ఉక్కుపలకను పెట్టితిమి. పలక వంగలేదు, దానిని పట్టిన మరమేకులు తెగెను. లావైన మరమేకులు పెట్టితిమి. అవి తెగలేదు, చట్రములోని రంధ్రముల పుర్రెలు చిట్లి ఊడివచ్చెను. అప్పుడు మాకు తెలిసినదేమనగా, దెబ్బ మాయమగునది కాదు. ఒకచోట నిలువనీయకున్నచో అది వేరొకచోటికి పోవును. దానిని మెల్లగా మ్రింగగల వస్తువు కావలయును. అందుచే పాలిథిలీన్ అను గట్టి ప్లాస్టిక్ రకములలో మిక్కిలి దృఢమైనదానిని 12 మిల్లీమీటర్ల మందమున ప్రక్కగోడగా అమర్చితిమి. ఆయుధము తగిలినప్పుడు అది పగులదు; కొంత చీరుకొని, కొంత వంగి, మరల నిలుచును. బరువు కూడ చూడుడు. పది సెంటీమీటర్ల చదరమునకు 3 మిల్లీమీటర్ల ఉక్కు సుమారు 235 గ్రాములు, అంతే మందముగల అల్యూమినియము 81 గ్రాములు, 12 మిల్లీమీటర్ల పాలిథిలీన్ 113 గ్రాములు తూగును. ఉక్కులో సగము బరువునకే నాలుగింతల మందము దొరకినది.

బరువు మాట యెందుకనగా, ఈ పనియందు బరువే ధనము. పేదవాని ఇంటి లెక్కవలె ఒకచోట వ్యయము పెంచిన వేరొకచోట తగ్గింపక తప్పదు. మా లెక్క యిట్లుండెను: ఆయుధము 240 గ్రాములు, దానిని త్రిప్పు మోటారు 110, చక్రముల మోటారులు రెండు 130, చక్రములు 90, బ్యాటరీ 120, వేగమును నియమించు పలకలు, రేడియో గ్రాహకము 70, తీగెలు, మీట 40, చట్రము, గోడలు 380, పైపలక, క్రిందిపలక 160, ఇరుసు, బేరింగులు 90, మరమేకులు 60. మొత్తము 1,490. మిగిలినది పదియే గ్రాములు. అందులో 8 గ్రాములు తీగెలకును రబ్బరునకును పోయెను. ఇంక ఏది చేర్చవలసినను ముందు దేనినో తీసివేయవలయును. పైపలక నడుమ దెబ్బలు తగులని చోట రంధ్రములు తొలిచి, అవసరమునకు మించి పొడవైన మరమేకులను మార్చి 22 గ్రాములు సంపాదించితిమి.

ఇక ఆయుధము. అది 170 మిల్లీమీటర్ల పొడవుగల ఉక్కుకడ్డీ, నిలువుగా తిరుగును, రెండు కొనలయందును పన్నులు కలవు. నిమిషమునకు 8,000 చుట్లు తిరిగినప్పుడు దానియందలి శక్తి సుమారు 200 జౌళ్లు, అనగా 20 కిలోగ్రాముల బరువును ఒక మీటరు ఎత్తునకు లేపగల శక్తి. చుట్లు రెట్టింపైన శక్తి నాలుగింతలగును. ఇది చదివి, వేగము పెంచుటయే జయమార్గమని మేము తలచితిమి. కాని బరిలో మా యాయుధము ఎదిరిని పైకెగురవేయలేదు. ఆకురాయివలె రాచి నిప్పురవ్వలు మాత్రము రాల్చెను. చూచువారికి వేడుకగా నుండెను. మాకు ఓటమి మిగిలెను.

కారణము కాగితముమీద దొరకినది. పన్ను పట్టుకొనవలెనన్న ఎదిరియంత్రము కొంత లోనికి రావలయును. ఒక పన్ను దాటి రెండవ పన్ను వచ్చులోపల మన బండి యెంత ముందుకు జరుగునో, కాటు లోతు అంతకు మించదు. మా బండి సెకనుకు 2 మీటర్లు పోవును. నిమిషమునకు 8,000 చుట్లనగా సెకనుకు సుమారు 133. రెండు పన్నులు గనుక సెకనుకు 266 పన్నులు దాటును. 2,000 మిల్లీమీటర్లను 266తో భాగించిన ఏడున్నర మిల్లీమీటర్లు వచ్చును. ఒకే పన్ను ఉన్నచో కాటు 15 మిల్లీమీటర్లగును. వేగమును 7,000కు తగ్గించినచో 17 మిల్లీమీటర్లగును. శక్తి మాత్రము ఇంచుమించు నాలుగింట మూడువంతులకు తగ్గును. పట్టని రెండువందల కంటె పట్టిన నూటయేబది మేలు. కావున ఒక కొన పన్నుగాను, రెండవ కొన పొట్టిగా, బరువుగాను ఉండునట్లు క్రొత్త యాయుధమును కోయించితిమి. ఇట్టిదానికి తూకము ముఖ్యము. ఇరుసును రెండు సమమైన కడ్డీలపై నుంచినప్పుడు బరువైన ప్రక్క క్రిందికి దిగును. ఏ ప్రక్కకును దిగకుండువరకు ఆకురాయితో అరగదీయవలయును. వేగము తగ్గించుటచే వేరొక మేలును కలిగెను: నిలువుగా తిరుగు ఆయుధముగల బండి వడిగా మలుపు తిరిగినచో ఒక ప్రక్క చక్రము నేలనుండి లేచును, అది కొంత తగ్గెను.

ఓడినవారే మార్చవలెనని అనుకొనరాదు. పాల్ వెంటిమిగ్లియా నాయకత్వమున కట్టబడిన బైట్ ఫోర్స్ అను యంత్రము 2015లో ఎదిరిని పైకెత్తు చేతితో బ్యాటిల్‌బాట్స్ పందెమున ప్రథమస్థానము పొందెను. గెలిచిన పిమ్మటనే వారు ఆ చేతిని విడిచి, 2016లో నిలువుగా తిరుగు ఆయుధమును పెట్టిరి. ఆ యేడు ఓడిరి. మరల పాతదానికి పోక, తిరుగు ఆయుధమునే మెరుగుపరచి 2018లోను, 2019లోను ప్రథములైరి. గెలుపు నాడు మార్చుటకు ధైర్యమును, ఓటమి నాడు నిలుచుటకు ఓర్పును కావలయునని దీనివలన తెలియుచున్నది.

మార్చి కట్టిన యంత్రమును నేరుగా పందెమునకు కొనిపోరాదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు. ముందు ఆయుధమును తీసివేసి బండిని మాత్రము నడుపవలయును. పిదప రేడియోను ఆర్పి, సంకేతము తెగినంతనే మోటారులన్నియు నిలుచుచున్నవా లేదా చూడవలయును. నిలువనిచో అది బరిలోనికి తగదు. ఆయుధమును మూసిన దృఢమైన పెట్టెలోనే, పెద్దల యెదుటనే త్రిప్పవలయును. మేము కుదుపునకు తట్టుకొనునో లేదో చూచుటకు యంత్రమును మోకాటి యెత్తునుండి నేలమీద పదిమారులు పడవేసి, ప్రతిమారును విప్పి చూచితిమి.

నడిమి గడిని గూర్చి ఇంకొక మాట కలదు. రెండవ పందెములో తీగె తెగకమునుపే కుడిచక్రము ఊడిపోయెను. బరి నేల బాగులేదని ఒకరము, ఎదిరికి అదృష్టము కలిసివచ్చినదని ఒకరము అనుకొంటిమి; గడిలో నట్లే వ్రాయబోతిమి. అప్పుడు మాలో చిన్నవాడు పెద్దవాని వంక చూచి, "అన్నా, ఆ చక్రపు మరకు జిగురు పూయుట నేను మరచితిని; బిగించితినేకాని పూయలేదు" అనెను. కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. పెద్దవాడు కలమును వానికే యిచ్చెను. వాడు తన చేతితోనే నడిమి గడిలో "మరచితిమి" అని వ్రాసెను. "మరచితిని" అని వ్రాయబోగా మేమే దిద్దించితిమి, ఏలయనగా పరీక్షించి చూడవలసినవారము నలుగురమును. నాటినుండి పందెమునకు ముందు మరమేకులన్నిటిని ఒకరు బిగింప, వేరొకరు చూచి గుర్తు పెట్టుచున్నాము. వాడు నాడు మాటాడక యుండినచో మేము బరి నేలను నిందించుచు, అదే చక్రమును మూడవమారును పోగొట్టుకొని యుందుము.

యంత్రములచే యంత్రములను పగులగొట్టించు ఆట పిల్లలకేమి నేర్పునని తల్లిదండ్రు లడుగుట న్యాయమే. పగులగొట్టుట మూడు నిమిషములు. బాగుచేయుట ఆరు వారములు. బాలుడు నేర్చునది ఆ ఆరు వారములలోనే. మూడవ పందెములో మేము రెండు పోరులు గెలిచి, మూడవదానిలో ఓడితిమి. ఆ రాత్రి యంత్రమును బల్లమీద నుంచి విప్పితిమి. తీగెలు నిలిచియుండెను, చక్రములు నిలిచియుండెను, గోడలు చీరుకొనియు నిలిచియుండెను. ఈమారు చెడినది ఆయుధపు బేరింగు. అది మునుపెన్నడును చెడలేదు. పుస్తకములో క్రొత్త వరుస గీసితిమి. నడిమి గడి యింకను ఖాళీగానే యున్నది.