కౌన్సెలర్ పనికాలం: చట్టం, వాస్తవం

ఒక ఉద్యోగం స్వభావం దాని పేరు చూస్తే తెలియదు. ఆ ఉద్యోగి పనికాలాన్ని ఎవరు, దేనికి వాడుకుంటున్నారో చూస్తే తెలుస్తుంది. అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లోని కౌన్సెలర్ల సంగతి చూద్దాం.

1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ యువకులకు తగిన వృత్తిని సూచించే కేంద్రం ప్రారంభించాడు. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించింది. మరుసటి ఏడు అమెరికా చేసిన జాతీయ రక్షణ విద్యా చట్టం కౌన్సెలర్ల శిక్షణకు నిధులిచ్చింది. చురుకైన విద్యార్థులను గుర్తించి విజ్ఞానశాస్త్రాల వైపు నడపడానికి రాజ్యానికి వీరు కావలసి వచ్చారు. కనుక ఈ ఉద్యోగి ఎదుట కూర్చున్న పిల్లవాడికీ, జీతమిచ్చే వ్యవస్థకూ కూడా జవాబు చెప్పుకోవాలి.

ఈ వైరుధ్యం పనిగంటల్లో బయటపడుతుంది. పరీక్షల నిర్వహణ, టైంటేబుళ్ళ మార్పులు, రాని ఉపాధ్యాయుడి తరగతి, భోజనవేళ కాపలా - అన్నీ కౌన్సెలర్ నెత్తిన పడతాయి. తనదంటూ తరగతి లేనివాడు తీరిగ్గా ఉన్నట్టే అధికారికి కనిపిస్తాడు. పిల్లల బాధ వినడం కూడా శ్రమేనని ఆయన లెక్కకు రాదు.

కౌన్సెలర్ల జాతీయ సంఘం రెండు కొలతలు సిఫార్సు చేసింది: 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్, పనికాలంలో కనీసం 80 శాతం విద్యార్థుల సేవకు. 2021లో టెక్సస్ రాష్ట్రం ఈ రెండవ కొలతను చట్టంలోకి తెచ్చింది. పరీక్షల నిర్వహణ కౌన్సెలింగ్ కిందికి రాదనీ, ఫలితాలను విశ్లేషించడం మాత్రం వస్తుందనీ స్పష్టం చేసింది. అమలును స్కూల్ డిస్ట్రిక్టు ఏటా సమీక్షించుకోవాలి.

అయితే మినహాయింపును కూడా చదవాలి. సిబ్బంది అవసరాల వల్ల 80 శాతం సాధ్యం కాదని పాఠశాల బోర్డు తేలిస్తే, కారణాలు, అదనపు పనులు, వాటికి పట్టే కాలం రాసిపెట్టి శాతం తగ్గించుకోవచ్చు. తప్పించుకునే దారి ఉన్నమాట నిజమే. కానీ నోటిమాటతో మోపే బరువు ఇప్పుడు కాగితం మీదికి ఎక్కక తప్పదు. పోరాడే ఉద్యోగికి అది ఆధారం.

అసలు లోపం మరోచోట ఉంది. ఆ 80 శాతాన్ని ఎంతమందికి పంచాలో ఈ సవరణ చెప్పలేదు. వారానికి 40 గంటల పని అనుకుంటే 80 శాతమంటే 32 గంటలు. 250 మందికి పంచితే తలకు ఎనిమిది నిమిషాలు రావు. 500 మంది అయితే నాలుగు నిమిషాలు కూడా దక్కవు. మనుషులను పెంచకుండా గంటలను క్రమబద్ధం చేస్తే జరిగే మేలు కొంతే.

మన ఉపాధ్యాయులకు ఇది పరాయి కథ కాదు. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ వారిని విద్యేతర పనులకు నియోగించరాదంటూనే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులను మినహాయించింది.

బడిని గురించి రాసే కథకుడు ఇది గమనించాలి. పిల్లవాణ్ణి పట్టించుకోని ఉద్యోగిని హృదయం లేనివాడిగా చిత్రించడం తేలిక. ఆ రోజు అతని గంటలు ఎవరి చేతికి పోయాయో లెక్క తీస్తేనే పాత్ర వెనక ఉన్న వ్యవస్థ కనిపిస్తుంది.