సెల్‌ఫోనులో యాప్ ఆగిపోయినచో చేయదగినది, చేయరానిది

ఒకప్పుడు రిజిష్టర్లలో నడచిన గ్రామ వ్యవహారములు పెక్కు నేడు సెల్‌ఫోనులోనికి వచ్చినవి. పుస్తకము చినిగినచో కంటికి కనబడును. సిరా ఒలికినచో ఏ పుట చెడినదో తెలియును. యాప్ అట్లు గాదు. పని నడుమ హఠాత్తుగా మూసికొని, తెరపై 'ఆగిపోయినది' అను ఒక్క మాట చూపి ఊరకుండును. అట్టి వేళ ఏమి చేయవలెనో, అంతకన్న ముఖ్యముగా ఏది తొందరపడి చేయరాదో పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

ఇది కూలి డబ్బుల సంగతి

మహాత్మాగాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము క్రింద 2021 మే నెలలో కేంద్ర ప్రభుత్వము సెల్‌ఫోను ద్వారా హాజరు నమోదుచేయు యాప్‌ను ప్రవేశపెట్టినది. 2023 జనవరి 1 నుండి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా, అన్ని పని ప్రదేశములందును దానిని తప్పనిసరి చేసిరి. దినమునకు రెండు మారులు కూలీల ఛాయాచిత్రములు తీసి పంపవలెనని నిర్ణయించిరి. సిగ్నలు అందని తావులలో ఆ హాజరును ఫోనులోనే నిలువయుంచి, సిగ్నలు దొరకిన పిదప పంపు ఏర్పాటును కల్పించిరి.

ఇట్టి ఏర్పాటుగల ఏ యాప్‌కైనను వర్తించు విషయమొకటి ఇందు గలదు. పంపనంతవరకు ఆ నమోదు ఆ ఫోనునందు తప్ప మరెచ్చటను ఉండదు. అది చెరిగినచో, ఎండలో మట్టి త్రవ్విన కూలీ ఆ దినమున పనిచేసినట్లు ఆధారమే చెరిగినట్లగును. కావున యాప్‌ను బాగుచేయుటకన్న ముందు, అందు పంపకుండ మిగిలిన నమోదును కాపాడుట మొదటి ధర్మము.

యాప్ ఏల ఆగును?

రైతునకు ధాన్యము నిలువచేయ గాదెయు, నూర్చుటకు కళ్లమును వేర్వేరుగా నుండును. ఫోనునందును అట్లే నిలువ స్థలము వేరు, ర్యామ్ అనబడు పని స్థలము వేరు. ఒకేసారి పది యాప్‌లు తెరచినచో కళ్లము నిండి, క్రొత్త పనికి చోటు చాలదు. వీడియోలతో గాదె నిండినచో యాప్ తన ఛాయాచిత్రమును వ్రాసికొనలేదు. రెంటిలో ఏది జరిగినను యాప్ ఆగిపోవచ్చును.

మరికొన్నిమార్లు దోషము యాప్ తయారీలోనే యుండును. లేదా ఫోను పాతదై క్రొత్త యాప్‌నకు సరిపడకుండును. కెమెరా, స్థానము వాడుకొనుటకు అనుమతి తొలగించినను కొన్ని యాప్‌లు నిలువవు.

దోషము మన ఫోనులో లేకపోవుటయు గలదు. 2021 మార్చి 22, 23 తేదీలలో ప్రపంచమంతటను ఆండ్రాయిడ్ ఫోనులలో జీమెయిల్ మొదలగు అనేక యాప్‌లు ఆగిపోజొచ్చినవి. కారణము విచారింపగా, పెక్కు యాప్‌లు ఉమ్మడిగా వాడుకొను 'వెబ్‌వ్యూ' అను ఒక భాగములో దోషము తేలినది. గూగుల్ సంస్థ ఆ భాగమునకు సవరణ విడుదలచేసిన పిదప యాప్‌లు యథాప్రకారము నడచినవి. అట్టి సమయమున ఒక్కొక్క యాప్‌ను తీసివేసి మరల పెట్టుకొనుట వృథాశ్రమ.

అందుచే ముందు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఆగినది ఈ యాప్ ఒక్కటేనా, తక్కినవియునా? మా ఫోనులోనేనా, ప్రక్క గ్రామమువారి ఫోనులలోనునా? ప్రక్క గ్రామమునను ఆగినచో మన ఫోనును చెరపక, మండల కార్యాలయమునకు తెలుపుటయే సరియైన మార్గము.

వరుసగా చేయదగినవి

నష్టము లేని ఉపాయమును ముందు, నష్టము గలదానిని చివరను ప్రయోగింపవలెను.

1. తెరపై కనబడిన మాటను, వేళను వ్రాసికొనవలెను. వీలైనచో తెరను ఫొటో తీసి యుంచవలెను.

2. తెరచియున్న ఇతర యాప్‌లన్నిటిని మూసి, ఫోనును ఆపి మరల వేయవలెను. ఇందువలన నిలువయున్న నమోదు సాధారణముగా చెడదు. యాప్ తెరచుకొన్న వెంటనే, క్రొత్త పని మొదలిడక, మిగిలిన నమోదును పంపివేయవలెను.

3. అనవసరమైన వీడియోలను తొలగించి ఒకటి రెండు గిగాబైట్ల చోటు ఖాళీచేయవలెను. యాప్ తీసిన ఛాయాచిత్రములను ముట్టరాదు.

4. తేదీ, వేళ సరిగా నున్నవో లేవో చూడవలెను. అవి తప్పినచో సర్వరుతో సంబంధము కుదరదు. కెమెరా, స్థానము అనుమతులనుగూడ సరిచూడవలెను.

5. ప్లే స్టోర్‌లో యాప్‌నకు, వెబ్‌వ్యూకు క్రొత్త సవరణ వచ్చినచో తీసికొనవలెను.

6. అప్పటికిని ఫలితము లేనిచో సెట్టింగులలో 'క్లియర్ కాష్' నొక్కవచ్చును. ఇది తాత్కాలిక ఫైళ్లను మాత్రమే తొలగించును.

దాని ప్రక్కనే యుండు 'క్లియర్ స్టోరేజ్' లేక 'క్లియర్ డేటా' వేరు. అది పంపని నమోదునుగూడ తుడిచివేయును. యాప్‌ను పూర్తిగా తీసివేయుటయు అంతే. పై అధికారి అనుమతి లేక, నమోదు పంపబడెనని రూఢి కాక, ఈ రెండు పనులు చేయరాదు.

వాట్సాప్‌లో ఎవరో పంపిన యాప్ ఫైలును పెట్టుకొనుటయు ప్రమాదమే. సాయము చేసెదమని ఫోనుచేసి ఓటీపీ అడుగువారికి దానిని చెప్పరాదు. మోసమునకు లోనైనచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

పంచాయతీ చేయవలసినది

పైన పేర్కొన్న పథకమున, అసాధారణ పరిస్థితులలో హాజరు పంపలేకపోయినచో, చేతివ్రాత హాజరును అంగీకరించు అధికారమును జిల్లా కార్యక్రమ సమన్వయాధికారికి ఇచ్చిరి. అట్టి అధికారి యెదుట నిలువవలెనన్న, ఆనాడు పనికి వచ్చినవారెవరో కాగితముపై ఉండవలెను. నోటిమాట చాలదు.

కావున ప్రతి పంచాయతీయు ఒక చిన్న పుస్తకమును ఉంచుట మేలు. యాప్ ఆగిన తేదీ, వేళ, తెరపై కనబడిన మాట, పనిలో నున్నవారి పేర్లు, వారి సంతకములు లేక వేలిముద్రలు అందు చేర్చి, నాడే నకలును మండల కార్యాలయమునకు పంపి రశీదు తీసికొనవలెను. వీలున్నచోట రెండవ ఉద్యోగి ఫోనునగూడ యాప్ సిద్ధముగా నుంచుట మంచిది.

ఫోను బాగుచేయు విద్య సభ్యులందరికి రానక్కరలేదు. యాప్ ఆగినదన్న కారణమున ఏ కూలీకిని దినకూలి తగ్గకుండ చూచుట మాత్రము సభ్యులందరి బాధ్యత. వచ్చు సమావేశమున ఈ వరుసను చదివి వినిపించి, కార్యాలయపు గోడపై అంటించెదరని కోరుచున్నాము.