ఇది కథేనా?

రచన చదివి, "బాగుంది గానీ, ఇది కథేనా?" అని అడిగేవాళ్లు మనలో చాలామంది. కథ మధ్యలో ఉత్తరం వచ్చినా, సగం దూరం వాదనగా సాగినా, సొంత అనుభవంలా అనిపించినా మనకు అనుమానం మొదలవుతుంది. చంద్రపూర్ బాబుపేట్‌లో ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, పని దగ్గర హిందీ మాట్లాడుకునేవాళ్లకు మాత్రం ఇది కొత్త సంగతి కాదు. ఏ మాట ఎక్కడ పని చేస్తుందో చూసుకుని వాడతారు. ప్రక్రియల హద్దు దాటే కథకుడు చేసేదీ అదే.

తెలుగులో ఈ పని తొలిరోజుల్లోనే చేసినావిడ జీవితం ఈ వైపే గడిచింది. భండారు అచ్చమాంబ 1874లో పెనుగంచిప్రోలులో పుట్టారు. భర్త మధ్యపరగణాల్లో ఇంజనీరు. నాటి చాందా, అంటే నేటి చంద్రపూర్, ఆ పరగణాల్లోనిదే. నాగపూర్‌లో చదువుకునే తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుతో పాటు ఆమె కూడా తెలుగు, హిందీ, మరాఠీ నేర్చుకున్నారు. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అనే స్త్రీల జీవితచరిత్రలు, 1902లో ‘ధనత్రయోదశి’ కథ వెలువడ్డాయి.

‘ధనత్రయోదశి’లో పేద భర్త పండగ పూట దొంగ సొమ్ము ఇంటికి తెస్తాడు. భార్య దాన్ని ముట్టదు, తిరిగి ఇచ్చేయమంటుంది. నీతి బోధే, కాదనను. కానీ ఆ నీతిని పలికేది పంతులుగారు కాదు, పండక్కి ఇంట్లో ఏమీ లేని ఇల్లాలు. అందుకే అది వ్యాసం కాకుండా కథ అయింది. ఆమె మరో రచన పేరే ‘భార్యాభర్తల సంవాదము’. వాదాన్ని సంభాషణలో పెడితే అవతలివాడికీ నోరుంటుంది. వ్యాసంలో ఆ వీలు తక్కువ.

1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’లో ఉత్తరం చూడండి. అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు, ఉత్తరం దొరుకుతుంది. ఆమె మంచం కిందే ఉంది. ఆ కాగితం తీసేస్తే కథే లేదు. నా వరకు కొలత ఇదే: అరువు తెచ్చిన ప్రక్రియను తీసేస్తే కథ కూలాలి. కూలకపోతే అది ఉత్త అలంకారం. కథకుడు నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లోంచి ఆయన సొంత బాల్యాన్ని విడదీయగలమా? యాస, అమ్మ, పల్లె, కథ అన్నీ ఒకే ముద్ద.

అరల పట్టింపు వల్ల నష్టం కూడా జరిగింది. చాలాకాలం ‘దిద్దుబాటు’నే తొలి కథ అన్నాం. అచ్చమాంబవి బోధలనీ, కథా లక్షణాలు చాలవనీ పక్కన పెట్టినవాళ్లున్నారు. ఆమె 1905లోనే, ముప్పై ఏళ్ల వయసులో పోయారు. ఆ కథలు వెతికి సంగిశెట్టి శ్రీనివాస్ పుస్తకంగా తెచ్చారు. బాబుపేట్‌లో ఎవరింట్లోనైనా తెలుగు చదివే పిల్ల ఉంటే, ముందు ‘ధనత్రయోదశి’ చేతికివ్వండి.