ఆకు తిప్పి చూసినంకనే మందు

పోయిన నవంబర్‌లో మిడ్ ఎగ్జామ్స్ అయిపోంగనే ఇంటికి పోయిన. మాది మహబూబాబాద్ దగ్గర ఒక పల్లె, ఎకరంన్నర మిరప తోట. పొద్దున్నే నాయిన తైవాన్ పంపు కడుగుతూ కనిపించిండు. పది రోజుల్లో అది మూడో మందట.

"ఏమైంది నాయినా?"

"ముడత వచ్చింది బిడ్డా. షాపాయన ఇది కొట్టుమన్నడు."

తోటలోకి పోయి చూస్తే ముడత నిజమే. కానీ ఆకులు కిందికి ముడుచుకున్నయ్. నాయిన చేతిలో ఉన్నదేమో పైకి ముడిచే పురుగుకు కొట్టే మందు. పంట తెలిసిన ఒక సార్‌కు కొమ్మ చూపిస్తే ఆయన చెప్పింది ఒక్కటే మాట: "ఇది నల్లి. ఇప్పటిదాకా కొట్టినవి దీనికి తగలవు." రెండు మందుల పైసలు, రెండు రోజుల కష్టం గాలిలో కలిసినయ్.

మిత్రులారా, ప్రోగ్రాం ఆగిపోతే మనం ఏం చేస్తాం? ఎర్రర్ ఏ లైన్‌లో ఉందో ముందు వెతుకుతాం. కోడ్ అంతా చెరిపేసి మళ్ళీ రాయం. మొక్క కూడా ఎర్రర్ మెసేజ్ ఇస్తుంది. చదవడం రాకపోతే ఎంత నష్టమో మన వైపు రైతులు 2021 చివర్లో చూశారు. ఆ సీజన్‌లో నల్ల తామర పురుగు ఆంధ్ర, తెలంగాణ మిరప తోటల మీద పడింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగును మన దేశంలో మొదట 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద గుర్తించారు. మందు మీద మందు కొట్టినా ఆగక చాలామంది కాయ కోయకుండానే తోటలు పీకేశారు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో రైతుల ఆత్మహత్యల వార్తలు కూడా చదివాం. కౌలు రైతుకైతే భూమి కౌలు, మందుల అప్పు రెండూ మీద పడతాయి. అందుకే ఈ వ్యాసం.

మొదటి ప్రశ్న: పాత ఆకా, కొత్త ఆకా?

ఆకు పసుపు పడగానే తెగులు అనుకోవద్దు. నత్రజని, పొటాష్, మెగ్నీషియం మొక్కలో కదలగలవు. కొరత వస్తే మొక్క వాటిని పాత ఆకుల నుంచి తీసి కొత్త చిగురుకు పంపుతుంది. కాబట్టి లక్షణం కింది ఆకుల్లో ముందు కనిపిస్తుంది. ఆకంతా సమంగా పాలిపోతే నత్రజని, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే మెగ్నీషియం, అంచులు కాలినట్టు ఎండితే పొటాష్ కొరతని అనుమానించాలి.

ఇనుము, కాల్షియం అట్లా కదలవు. వాటి కొరత చిగుర్లలో ముందు తెలుస్తుంది. ఇంకో సంగతి, సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. నీళ్ళు నిలిచి వేరు దెబ్బతిన్నా ఆకు పసుపు పడుతుంది. అందుకే ఒక మొక్క పీకి వేరు కూడా చూడాలి. తెల్లగా గట్టిగా ఉంటే మంచిదే. గోధుమరంగులో మెత్తగా ఊడొస్తే అది వేరుకుళ్ళు, ఎరువు వేస్తే పోదు.

రెండో ప్రశ్న: ముడత ఎటు?

పైకి ముడుచుకుని, ఆకు అడుగున గీరినట్టు మచ్చలుంటే తామర పురుగు. దీన్నే పై ముడత అంటారు. కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉండి, ఆకు కాడ సాగితే తెల్లనల్లి. ఇది కింది ముడత. నల్లికి ఎనిమిది కాళ్ళు, సాలీడు జాతి. మామూలు పురుగు మందులు చాలావరకు దానికి పనిచేయవు. పైగా సింథటిక్ పైరిత్రాయిడ్ రకం మందులు నల్లిని తినే మిత్ర పురుగులను చంపి దాన్ని ఇంకా పెంచుతాయి. మా తోటలో జరిగింది బహుశా అదే.

మూడోది వైరస్, మనోళ్ళు జెమిని అంటారు. ఆకులు చిన్నగా గుత్తిలా అయి, ఈనెలు లావెక్కి, మొక్క గిడసబారుతుంది. తెల్లదోమ మోసుకొస్తుంది. వైరస్ సోకిన మొక్కకు మందు లేదు. పీకేసి, తెల్లదోమను ఆపడమే దారి.

మూడో ప్రశ్న: పూతలో ఏముంది?

భూపాలపల్లి వైపు చపాటా మిరప వేసే మా క్లాస్‌మేట్ ఇంట్లో వాళ్ళు నేర్చుకున్న పద్ధతి ఇది. తెల్ల కాగితం మీద పువ్వును తట్టండి. మిల్లీమీటరు పొడవున నల్లటి గీతల్లాంటివి పాకితే నల్ల తామర పురుగే. అది పూత లోపల దాక్కుంటుంది, గుడ్లను మొక్క కణజాలంలో పెడుతుంది, ప్యూపా దశను ఎక్కువగా మట్టిలో గడుపుతుంది. అందుకే ఒక్క మందుతో అన్ని దశలూ చావవు. తప్పించుకున్నవి మళ్ళీ పుంజుకుంటాయి. తామర పురుగుకు నీలి రంగు, తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు పెడితే ఉధృతి ఎంతో ముందే తెలుస్తుంది.

నాలుగో ప్రశ్న: చేనులో ఎక్కడ?

రోగం సాధారణంగా అక్కడక్కడ మొదలై పాకుతుంది. ఒక్కసారే ఒక వైపు వరుసలన్నీ పాడైతే మన చేతి తప్పేమో చూడాలి. మా రూమ్మేట్‌ది జనగామ, వాళ్ళది పత్తి. ఒకసారి ఆకులు బెండాకుల్లా సన్నగా చీలినయ్. అందరూ వైరస్ అన్నరు. తీరా చూస్తే గడ్డికి 2,4-డి కొట్టిన పంపు సరిగా కడగకుండానే పత్తికి వాడిండ్రు. పత్తికి ఆ మందు రవ్వంత తగిలినా చాలు.

హాస్టల్‌లో ఉండి మనమేం చేస్తాం అనకండి. ఇంటి నుంచి ఫోటో వస్తే ఐదు అడగండి: చేను మొత్తం, ఒక మొక్క మొత్తం, చిగురాకు రెండు వైపులా, కింది ఆకు, కాగితం మీద తట్టిన పువ్వు. ఏ మందు ఎప్పుడు కొట్టారో రాసి పెట్టుకొమ్మనండి. అప్పటికీ తేలకపోతే వేరుతో సహా మొక్కను మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన స్థానానికో, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికో పట్టుకుపోవచ్చు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు తెలుగులోనే మాట్లాడొచ్చు.

మా తోట పూర్తిగా కోలుకోలేదు. కానీ మూడో మందు ఆపినం, నల్లి మందు ఒక్కసారి కొట్టినం, కొత్త చిగురు సాపుగా వచ్చింది. ఇప్పుడు నాయిన వాట్సాప్‌లో ఏ ఆకు ఫోటో పంపినా, వెంటనే రెండోది పంపుతడు. అది ఆకు వెనక వైపుది.