ఇంజనుకు తగ్గ గేరుబాక్సు: ఇంట్లో కారు కట్టాలనుకునే మనవాళ్ల కోసం

బెంగళూరులో తరాలుగా స్థిరపడ్డ మన ఇళ్లలో, కవరు కప్పుకుని మూలన నిలబడ్డ పాత కారు కనబడటం కొత్తేమీ కాదు. ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లవాడు కూడా ఉంటే ఏదో ఒక రోజు ఆ మాట రానే వస్తుంది: "నాన్నా, ఛాసిస్ నేనే వెల్డింగ్ చేసుకుంటాను. ఇంజను శివాజీనగర్ గుజరీలో దొరుకుతుంది, మిగతావి జేసీ రోడ్డులో." మా ఇంట్లోనూ ఇలాగే మొదలైంది. రెండేళ్లూ, రెండు గేరుబాక్సులూ ఖర్చయ్యాక మాకు తెలిసివచ్చిన సంగతులు ఇవి. మీ ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడు పనికొస్తాయి.

ఇంజను కొనడం సులువే. చిక్కంతా దాని వెనక గేరుబాక్సు కూర్చోబెట్టడంలో ఉంది. పెళ్లి సంబంధాల్లో మేనరికాలు వద్దని డాక్టర్లు చెబుతారు కానీ, ఇంజను, గేరుబాక్సుల పెళ్లికి మాత్రం మేనరికమే మేలు. ఒకే కంపెనీ, ఒకే కుటుంబం, వీలైతే ఒకే బండి నుంచి రెండూ తీసుకోవాలి. పెద్ద కంపెనీలు చేసిందీ అదే. 1985లో ప్రీమియర్ 118ఎన్ఈ వచ్చినప్పుడు బాడీ ఫియట్ 124ది, ఇంజను నిస్సాన్ 1171 సీసీది. గేరుబాక్సు కూడా నిస్సాన్‌దే తెచ్చుకున్నారు. 1990ల మొదట్లో అంబాసిడర్‌కు ఇసుజు 1817 సీసీ ఇంజను పెట్టినప్పుడు ఐదు గేర్ల కొత్త బాక్సు వచ్చింది, స్టీరింగు పక్కనుండే గేరు రాడ్డు కిందికి దిగింది. బ్రిటన్‌లో కిట్ కార్లకు పేరుబడ్డ కేటర్‌హామ్ 2013లో తెచ్చిన చిన్న కారుకు సుజుకి 660 సీసీ టర్బో ఇంజను, సుజుకి గేరుబాక్సు, వెనక యాక్సిలు కూడా సుజుకిదే వాడింది. బరువు 490 కిలోలు.

అయితే పేరు ఒక్కటైతే చాలదు. మారుతి 800, ఓమ్ని రెండింటిలోనూ 796 సీసీ ఇంజనే. 800లో అది అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. ఓమ్నిలో ముందు సీట్ల కింద నిలువుగా కూర్చుని, ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనక చక్రాలను తిప్పుతుంది. గేరుబాక్సులు వేరు వేరు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఇంజను ఏది అని కాదు, ఏ చక్రాలు తిరగాలి అని. ఇంజను ముందు, చక్రాలు వెనక అయితే ఓమ్ని, జిప్సీ లాంటి నిలువు అమరిక కావాలి. ఇంజను మీ వీపు వెనక ఉండే కారు కావాలంటే 800 లాంటి అడ్డం ఇంజనును గేరుబాక్సుతో సహా, ముఖం తిప్పకుండా, వెనక్కి జరిపితే సరిపోతుంది. నిలువుగా ఉండే కొన్ని ట్రాన్సాక్సిళ్లను అటుదిటు తిప్పి బిగిస్తే నాలుగు రివర్సు గేర్లు, ఒక్క ముందు గేరు వస్తాయి. నవ్వకండి, జరిగేదే.

వేరే వేరే ఇళ్లవాటిని కలపక తప్పకపోతే అసలు పని మొదలవుతుంది. ఇంజను వెనక బోల్టు రంధ్రాలు, బెల్ హౌసింగు రంధ్రాలు కలవవు. మధ్యలో అడాప్టరు ప్లేటు పెట్టాలి. ఆ ప్లేటు మందం ఎంతైతే, గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు అంత వెనక్కి పోతుంది. అప్పుడు దాని కొస క్రాంక్ షాఫ్టులోని పైలట్ బేరింగుకు అందదు. క్లచ్ ప్లేటుది ఇంకో తమాషా: చుట్టూ ఉన్న వ్యాసం ఇంజను ఫ్లైవీలుకు సరిపోవాలి, నడుమనున్న స్ప్లైన్ల పళ్లు గేరుబాక్సు షాఫ్టుకు సరిపోవాలి. క్లచ్ ప్లేట్లు రిపేరు చేసేవాళ్లు ఒకదాని నడుము తీసి ఇంకోదానికి రివెట్ చేసి ఇస్తారు. స్టార్టరు మోటారు పన్ను ఫ్లైవీల్ రింగును అందుకుంటుందో లేదో కూడా చూడాలి.

మేము దెబ్బతిన్నది వీటిలో దేనిలోనూ కాదు, మధ్య గీతలో. పీణ్యలో ఒక లేత్ షాపులో చక్కని ప్లేటు కోయించాం. బోల్టులన్నీ సాఫీగా ఎక్కాయి, సంబరపడ్డాం. డవెల్ పిన్నులు పెట్టలేదు. బోల్టు బిగించి పట్టుకుంటుందే తప్ప, కచ్చితమైన స్థానంలో నిలిపేది డవెల్ పిన్నే. క్రాంక్ షాఫ్టు గీత, గేరుబాక్సు గీత కంటికి కనబడనంత పక్కకు జరిగాయి. మొదటి వారం క్లచ్ వదిలితే వణుకు. తరువాత ఎక్కుదారిలో గేరు దానంతటదే జారిపోవడం. నెల తిరగకముందే ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు అరిగి, క్లచ్ ప్లేటు నడుము చీలింది. చేయాల్సిన పని చిన్నదే: ఫ్లైవీలుకు డయల్ గేజి బిగించి, బెల్ హౌసింగు నడుమ రంధ్రం అంచున ఒక చుట్టు తిప్పాలి. ముల్లు మొత్తం 0.12 మిల్లీమీటరు లోపే కదలాలి. ఎక్కువ కదిలితే ప్లేటు సర్ది, అప్పుడు డవెల్ కొట్టాలి. ఆ అరగంట పని మాకు ఒక గేరుబాక్సు ఖరీదైంది.

రెండోది బలం లెక్క తప్పి పోయింది. 796 సీసీ ఇంజను టార్కు దాదాపు 6 కేజీ-మీటర్లు, 1298 సీసీది 10 పైన. చిన్న ఇంజను కోసం చేసిన గేరుబాక్సుకు పెద్దది తగిలిస్తే మొదట్లో బాగానే లాగుతుంది. పళ్లు తరువాత మాట్లాడతాయి.

ఇక నిష్పత్తులు. క్లచ్ దాకా సరిగ్గా కలిసినా ఇవి కలవకపోతే కారు నడపబుద్ధి కాదు. టైరు చుట్టుకొలత 1.75 మీటర్లు, టాప్ గేరు 1, క్రౌన్ పినియన్ నిష్పత్తి 4 అనుకుందాం. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే చక్రం 750 చుట్లు తిరుగుతుంది. అంటే గంటకు 79 కిలోమీటర్ల వేగం. అదే కారుకు గట్టిగా ఉంటుందని పాత జీపు యాక్సిలు, నిష్పత్తి 5.38ది, వేస్తే అవే 3000 చుట్లకు 59 మాత్రమే. తుమకూరు రోడ్డు ఎక్కితే ఇంజను అరుపు తప్ప వేగం ఉండదు. మొదటి గేరు 3.5 అయితే, 4తో గుణిస్తే 14. 1000 చుట్ల దగ్గర కారు గంటకు ఏడున్నర కిలోమీటర్లు పోతుంది. సిల్క్ బోర్డు జంక్షన్‌లో నలిగినవాళ్లకు ఆ అంకె విలువ చెప్పనక్కర్లేదు. ఇంట్లో కట్టే కారు 600 కిలోలు దాటకపోవచ్చు కాబట్టి మొదటి గేరు మరీ బరువుగా ఉండాల్సిన పని లేదు. లావు శరీరానికి నీరసపు గుండె పెడితే ఏమవుతుందో 1985లో మద్రాసు నుంచి వచ్చిన స్టాండర్డ్ 2000 చూపించింది. రోవర్ బాడీలో పాతకాలపు 1991 సీసీ ఇంజను పెట్టారు, కొన్నేళ్లకే ఆగిపోయింది.

ఈ గోలంతా ఎందుకు అనుకునేవారికి బైకు ఇంజను ఉంది. గేరుబాక్సు దాని కడుపులోనే ఉంటుంది. మన ఊరి కాలేజీ కుర్రాళ్లు ఫార్ములా పోటీలకు కట్టే కార్లలో ఎక్కువగా అవే. రివర్సు ఉండదు, దిగి తోసుకోవాలి.

తల్లిదండ్రులు ముందే వినాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఈ కారుకు నంబరు ప్లేటు రాదనే అనుకోండి. మన దేశంలో ఏ కొత్త బండి నమూనా అయినా కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 126వ నియమం కింద పుణేలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల పరీక్ష నెగ్గాలి. ఒక్క కారు కట్టుకునే ఇంటికి అది అయ్యే పని కాదు. బ్రిటన్‌లో ఒక్కో బండినీ విడిగా పరీక్షించి అనుమతించే పద్ధతి ఉంది, అందుకే అక్కడ కిట్ కార్లు బతుకుతున్నాయి. తాతగారి కారు ఆర్సీ ఉంది కదా, దాని మీదే కట్టేద్దాం అన్న ఉపాయం మాకూ తోచింది. చట్టంలోని 52వ సెక్షను దానికి అడ్డం. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే రకం ఇంజను మార్చినా ఆర్టీఓ అనుమతి తీసుకుని కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి. గుజరీలో ఇంజను కొన్నప్పుడు బిల్లు, నంబరు సరిచూసి తీసుకోవాలనేది అందుకే. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా మాట మరచిపోవచ్చు.

అలాగని మానుకోమని మేము అనం. హైదరాబాదు బహదూర్‌పురాలో సుధాకర్ గారు వంకాయ, బూటు ఆకారాల్లో తన చేత్తో కట్టిన కార్లకు మ్యూజియమే పెట్టారు. మా పిల్లవాడి కారు ఇప్పుడు శ్రీనివాసపురం దగ్గర మా మేనమామ గారి మామిడితోపులో తిరుగుతోంది. మూడో గేరుబాక్సుతో, ఓమ్ని ఇంజను, ఓమ్ని బాక్సు. కోతల కాలంలో వెనక రెండు క్రేట్లు కట్టి తోలుతున్నారట.