తాతయ్య గొంతు ఫోన్‌లో ఉందా? ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు ఇది చూడండి!

ఇంట్లో పెద్దవాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసి దాచుకున్నారా? మధ్యలో కుక్కర్ విజిల్స్, వీధిలో కూరగాయల బండి కేకలు, ఆగకుండా ఫ్యాన్ హోరు... కాస్త క్లీన్ చేసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెడదాం అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కొన్ని ఫోన్ యాప్‌లలో ట్రిమ్ చేసి ‘సేవ్’ కొట్టగానే పాత ఫైల్ మీదే కొత్తది పడిపోతుంది. కోసేసిన ముక్క మళ్లీ దొరకదు. ఆ మనిషి ఇప్పుడు లేకపోతే ఇంకెవర్ని అడుగుతాం?

అందుకే ముందు కాపీ తీసుకోండి. ఒరిజినల్‌ని వేరే చోట భద్రంగా పెట్టి, దాని జోలికే వెళ్లొద్దు.

కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ సరిపోతుంది. 2000లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. విండోస్, మ్యాక్, లైనక్స్‌లలో పనిచేస్తుంది, ఫోన్‌లో మాత్రం లేదు. విండోస్‌లో ఎం4ఏ ఫైల్ తెరుచుకోకపోతే కంగారు పడకండి, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే లైబ్రరీ కూడా ఇన్‌స్టాల్ చేయాలి.

ఫైల్ తెరిస్తే గొంతు అలల్లా కనిపిస్తుంది. ఎత్తుగా ఉన్నచోట శబ్దం గట్టిగా ఉన్నట్టు, సన్నటి గీతలా ఉన్నచోట నిశ్శబ్దం. స్పేస్ బార్ నొక్కితే ప్లే, మళ్లీ నొక్కితే స్టాప్. మౌస్‌తో కొంత భాగం సెలెక్ట్ చేసి స్పేస్ నొక్కితే అంతవరకే వినిపిస్తుంది. కోసే ముందు ఇలా ఒకసారి విని, అప్పుడే డిలీట్ కొట్టండి. ప్లే అవుతుంటే చాలా మెనూలు మసకబారిపోతాయి. అది ఎర్రర్ కాదు, స్టాప్ చేస్తే సరి. తప్పు జరిగితే కంట్రోల్ జెడ్ ఉంది. కాకపోతే ప్రాజెక్ట్ మూసేశాక ఆ అవకాశం పోతుంది.

ఇక ఫ్యాన్ హోరు. ఎవరూ మాట్లాడకుండా హోరు ఒక్కటే ఉన్న ముక్కని సెలెక్ట్ చేసి, ‘నాయిస్ రిడక్షన్’లో ‘గెట్ నాయిస్ ప్రొఫైల్’ నొక్కాలి. ఏది చెత్తో సాఫ్ట్‌వేర్‌కి చూపించడం అన్నమాట. తర్వాత మొత్తం ఆడియో సెలెక్ట్ చేసి, మళ్లీ అదే మెనూకి వెళ్లి ఓకే చేయాలి. ఒకేలా సాగే శబ్దానికే ఇది పనికొస్తుంది, కుక్కర్ విజిల్‌కి కాదు. విజిల్ మాటల మధ్య ఖాళీలో పడితే కోసేయొచ్చు. మాట మీదే పడితే వదిలేయడం మేలు. నాయిస్ తీసేయడం మరీ ఎక్కువైతే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు మారిపోతుంది. అంతకన్నా కొంచెం హోరే నయం.

ఇంకో మాట, ఖాళీలన్నీ కోసేయకండి. పేరు గుర్తు తెచ్చుకోవడానికి తాతయ్య ఆగిన ఆ రెండు సెకన్లు కూడా ఆయనవే కదా.

చివర్లో చాలామంది తికమకపడేది సేవ్ దగ్గర. ‘సేవ్ ప్రాజెక్ట్’ ఇచ్చే ఏయూపీ3 ఫైల్‌ని ఆడాసిటీలోనే తెరవగలం, వాట్సాప్‌లో పంపినా అవతలివాళ్లకి ప్లే కాదు. పంపడానికి ‘ఎక్స్‌పోర్ట్’లో ఎంపీ3 ఎంచుకోండి. దాచుకోవడానికైతే వేవ్ మంచిది, సీడీ క్వాలిటీ స్టీరియోలో నిమిషానికి దాదాపు 10 ఎంబీ అవుతుంది. ఫైల్‌కి కొత్త పేరు పెట్టండి. పాత పేరే ఉంటే ‘రీప్లేస్ చేయాలా’ అని అడుగుతుంది, అక్కడ మాత్రం ‘నో’ కొట్టండి.