నోట్లు అచ్చేస్తే కొబ్బరికాయలు కాస్తాయా?

"అప్పా, నోట్ల మిషను గవర్మెంటు చేతిలోనే ఉంది కదేటి? ఇంకో నాలుగు కట్టలు అచ్చేసి మనకి పంచితే పోదా?"

పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్ళే మా పక్కింటావిడ అడిగింది. నవ్వాను గాని వెంటనే జవాబు తోచలేదు. మీ పిల్లలూ ఎప్పుడో ఒకప్పుడు ఇదే అడిగి ఉంటారు.

మన నోట్లు నాసిక్, దేవాస్, మైసూరు, సాల్బోనిలలో అచ్చవుతాయి. కాగితం దూదితో చేసింది. అందుకే కొంగున ముడేసి మరిచిపోయి చీర ఉతికేసినా ముద్దయిపోదు. రిజర్వు బ్యాంకు ఊరికే అచ్చేసి వదలడానికి లేదు. విడుదల చేసిన నోట్లకు సరిపడా బంగారం, బాండ్లు, విదేశీ డబ్బు చూపించాలి.

ఇక ఆమె ప్రశ్న. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకి మన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిపోయాయి కదా! ఆ మర్నాడు ఇంటింటికీ కొత్త నోట్లు పంచారనుకోండి. సంతలో ఉన్నవి పది కాయలు. కొనేవాళ్ళ దగ్గర అంతా కలిపి వంద రూపాయలుంటే కాయ పది రూపాయలు. రెండు వందలుంటే అదే కాయ ఇరవై! కాయలు మాత్రం పదే. కొబ్బరిమొక్క నాటితే కాపుకి ఐదారేళ్ళు పడుతుంది, నోటుకి అంతసేపు పట్టదు. 2009లో జింబాబ్వేలో వంద లక్షల కోట్ల డాలర్ల నోటు కూడా వేశారు. దాన్ని పట్టుకెళ్ళినా సంచి నిండేది కాదట.

పోపుల డబ్బాలో మనం దాచిన ఐదు వందలు కూడా అంతే. ఏ దొంగా ముట్టుకోకుండానే ఏటేటా కాస్త కరుగుతుంది.

అలాగని నోట్లు తక్కువైనా కష్టమే. 2016 నవంబరు 8 రాత్రి పాత ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. చెలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం అవే! తోటలో కాయలున్నాయి, పని ఉంది, చేతిలో నోటు లేదు. మా పక్కింటావిడ కూలి పుస్తకంలో రాసుకోవడమే గాని చేతికి రావడానికి వారాలు పట్టింది.

నా సంగతీ చెబుతాను. బియ్యం డబ్బా అడుగున ఆయనకు తెలియకుండా దాచిన పదిహేను ఐదు వందల నోట్లు ఆ రాత్రి బయటపెట్టక తప్పలేదు. కోప్పడతారనుకున్నాను. "ఇన్నాళ్ళ వడ్డీ పోగొట్టావు కదే" అన్నారంతే! ఇప్పుడు మిగిల్చిన దాంట్లో సగం పోస్టాఫీసులో నెలనెలా కడుతున్నాను. మిగతా సగం ఎక్కడుందో మాత్రం ఇక్కడ రాయను, ఆయనా ఈ పత్రిక చదువుతారు.